చనిపోయిన తాతయ్య టీ పెట్టిన నవల

నవలలు చదవడం రాని వాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. వినడం కూడా రాని మనిషిని మాత్రం మీరు చూసి ఉండరు. చూడాలనుంటే ఇటు చూడండి, టీ తాగుతూనే చూడొచ్చు. మొన్న ఆదివారం కెల్లీవిల్‌లో మా ఇంట్లో, పిల్లల ముందు నేనిచ్చిన సాహిత్య ఉపన్యాసం గురించి మా ఆవిడ సునీత ఇప్పటికే ఇద్దరు ముగ్గురికి ఫోన్లు చేసేసింది. అది చిలవలు పలవలుగా మీ దాకా వచ్చేలోపు నేనే చెప్పేస్తే మంచిది.

ముందు మా అమ్మాయి సంగతి చెప్పాలి. కెజియాకి పదమూడేళ్ళు, ఇయర్ ఎయిట్. కిందటేడు వరకూ స్కూలు దగ్గర నా వ్యాన్ ఎక్కిందంటే ఇల్లొచ్చేదాకా నోరు మూసేది కాదు. ఇప్పుడు "స్కూల్ ఎలా జరిగింది అమ్మలూ?" అంటే "ఫైన్". "ఏం తిన్నావ్?" అంటే "స్టఫ్". అంతే. కోపం కాదు, అలక కాదు, ఊరికే మాటలు ఆగిపోయాయి. నాది కోల్డ్ రూముల రిపేరు పని కదా. రెస్టారెంట్లు, మాంసం కొట్లు, పూల కొట్లు, ఎక్కడ పడితే అక్కడికి వ్యాన్‌లో తిరుగుతుంటాను. మా పనిలో మోటారు గురగురమంటున్నంతసేపు ఏ భయమూ ఉండదండీ. చప్పుడు ఆగిపోయిందంటేనే లోపల ఏదో పాడవుతోందని పరిగెత్తాలి. ఇంట్లో ఆ నిశ్శబ్దం నాకు అలాగే అనిపించేది.

కెజియా గలగలా మాట్లాడేది ఒకే ఒక్క చోట. వాళ్ళ బుక్ క్లబ్బులో. నలుగురు పిల్లలు కలిసి పెట్టుకున్న క్లబ్బు అది. నెలకో నవల అందరూ చదువుతారు. ఒక ఆదివారం ఆఫ్టర్‌నూన్ ఎవరో ఒకరింట్లో చేరి, ఆ పుస్తకాన్ని చీల్చి చెండాడతారు. పెద్దవాళ్ళు రాయించిన బుక్ రిపోర్టు లాంటిది కాదు. నచ్చకపోతే నచ్చలేదనే అంటారు, ఎందుకో చెప్తారు, చివర్లో స్టార్లు ఇస్తారు. వాళ్ళని ఇళ్ళ దగ్గర దింపేటప్పుడు వెనక సీట్లోంచి మా అమ్మాయి మాటలు వినపడేవి. అంత చక్కగా, అంత ధైర్యంగా మాట్లాడేది. నేను రేడియో సౌండు తగ్గించి, ఏమీ విననట్టు స్టీరింగ్ పట్టుకుని కూర్చునేవాణ్ణి.

ఈ నెల వంతు మా ఇంటికి వచ్చింది. సునీత నర్సు, ఆ ఆదివారం తనకి డ్యూటీ పడింది. అంటే ఆతిథ్యమంతా నాదే.

"డాడీ, యూ జస్ట్ నీడ్ టు డూ ఫుడ్," అంది కెజియా. "వేరే ఏం చెయ్యొద్దు. ప్లీజ్."

ఆ ప్లీజ్ నాకు బాగా అర్థమయింది. అయినా మనసులో ఒక ఆశ పుట్టింది. వాళ్ళు చదివే పుస్తకం నేనూ చదివేసి, మధ్యలో ఒక్క మంచి మాట, ఒకే ఒక్కటి అంటే, ఆ పిల్ల నావైపు తిరిగి చూడదా అని. దీంట్లో తప్పేముంది చెప్పండి.

చదివే తీరిక నాకెక్కడిది? దగ్గర్లో ఉన్న లైబ్రరీకి వెళ్ళి అడిగితే, అదే నవల ఎవరో చదివి రికార్డు చేసిన డిస్క్ ఉందని ఇచ్చారు. నా వ్యాన్ పాతది, డిస్క్ పెట్టుకునే ప్లేయర్ ఉంది. రోజంతా డ్రైవింగే. ఇంకేం కావాలి?

నవల పేరు చెప్పను. చదవాలనుకునే వాళ్ళకి కథ తెలిసిపోతుంది. అసలు నేను విన్న పద్ధతిలో చెప్తే ఎవరికీ ఏమీ తెలియదనుకోండి, అది వేరే విషయం. టిల్లీ అనే అమ్మాయి, వాళ్ళ తాతయ్య, డేన్ అనే స్నేహితుడు, వీళ్ళ కథ. తాతయ్య ఒక నది మీద పంటు నడుపుతాడు. ఇక్కడ ఫెర్రీ అంటారు గానీ నాకు మాత్రం పంటే. నేను పుట్టి పెరిగింది సఖినేటిపల్లి వైపు. నరసాపురం వెళ్ళాలంటే పంటు ఎక్కాల్సిందే. బస్సూ, గేదే, పెళ్ళివారూ అందరూ ఒకే పంటు మీద. అందుకని మొదటి వాక్యం నుంచే ఆ కథ నన్ను పట్టేసుకుంది.

మొదటి వాక్యం అంటున్నాను గానీ, సోమవారం పొద్దున్న డిస్క్ పెట్టగానే తాతయ్య చనిపోయాడు. సమాధుల దగ్గర వాన పడుతోంది, టిల్లీ ఏడుపు ఆపుకుంటోంది. నాకు కళ్ళు చెమర్చాయి. ఎంత ధైర్యం ఈ రచయితకి, పిల్లల పుస్తకాన్ని చావుతో మొదలుపెట్టారు అనుకున్నాను. కాసేపటికి తాతయ్య వంటింట్లో టీ పెడుతున్నాడు, టిల్లీతో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఓహో, ఇది టిల్లీ జ్ఞాపకం కాబోలు అనుకున్నా. ఆ తర్వాత ఆయన పంటు తాడుకి గ్రీజు పూశాడు, చేపలు పట్టాడు, పక్కింటావిడతో పోట్లాడాడు. జ్ఞాపకానికి ఇంత పని ఉంటుందా అని కొంచెం అనుమానం వచ్చింది గానీ, చర్చికి వెళ్ళేవాణ్ణి, పునరుత్థానం మీద నమ్మకం ఉన్నవాణ్ణి, దాన్ని పెద్ద ఇబ్బందిగా తీసుకోలేదు.

బుధవారం రౌస్ హిల్‌లో ఒక పూల కొట్టుకి వెళ్తుంటే, "ఇంతటితో ఈ నవల ముగిసింది, విన్నందుకు ధన్యవాదాలు" అని వినపడింది. అరే, ఇంత చిన్నదా అనుకునేలోపే మళ్ళీ కథ మొదలైంది. సినిమాల్లో పేర్లు పడ్డాక కూడా ఒక సీను వేస్తున్నారు కదా ఈ మధ్య, ఇదీ అలాంటిదే అనుకున్నా. ఆ సీను శుక్రవారం దాకా నడిచింది.

కొన్ని భాగాలు రెండేసిసార్లు వచ్చాయి. ముఖ్యమైనవి కాబట్టి గుర్తుండాలని మళ్ళీ చెప్తున్నారనుకున్నా. మీరు అడగొచ్చు, అధ్యాయాల నంబర్లు వినపడలేదా అని. లేవండీ, అదే నా కొంప ముంచింది. ఒక్కో అధ్యాయానికి "వాన", "తాడు", "టీ", "వంతెన" అని ఒక్కో మాట పేరు. అంకెలు లేవు.

మొత్తానికి ఆదివారం వచ్చింది. సమోసాలు వేడి చేశాను, పుచ్చకాయ కోశాను, వెనక పెరట్లో బల్ల వేశాను. ముగ్గురూ వచ్చారు. ఒలీవియా అందరికన్నా పెద్ద చదువరి, పుస్తకం నిండా రంగురంగుల స్టిక్కర్లు అంటించుకుని వస్తుంది. ఈథన్‌కి ఏదీ ఒక పట్టాన నచ్చదు. హర్లీన్ పంజాబీ పిల్ల, నెమ్మది, నన్ను అంకుల్ అంటుంది. వాళ్ళు మాట్లాడిందంతా ఇంగ్లీషులోనే, నేను మన మాటల్లో చెబుతున్నాను.

నేను గ్రిల్ తుడుస్తున్నట్టు నటిస్తూ పక్కనే నిలబడ్డాను.

ఈథన్ మొదలుపెట్టాడు. "మనకిచ్చే ప్రతి పుస్తకంలో తాతయ్యో కుక్కో చచ్చిపోతుంది. అది చస్తే గానీ మనకి బుద్ధి రాదని పెద్దవాళ్ళ నమ్మకం. నాకు విసుగొచ్చింది. రెండు స్టార్లు."

"ఇందులో చావు గురించి కాదు గదా," అంది హర్లీన్. "వాళ్ళిద్దరూ టీ తాగే చోట్లు చూడు. ఏమీ జరగదు, ఊరికే మాట్లాడుకుంటారు. నాకు అవే ఇష్టం. మా నానీతో, అదే అమ్మమ్మతో, నేనూ అలాగే కూర్చుంటాను."

"డేన్‌ని అంత తేలిగ్గా క్షమించడం నాకు నచ్చలేదు," అంది ఒలీవియా. "నిజం స్కూల్లో అయితే ఆ గొడవ ఏడాది నడుస్తుంది."

అప్పుడు మా కెజియా మాట్లాడింది. "నాకు కోపం వచ్చింది టిల్లీ మీద. వంతెన కట్టడం వల్లే కదా తాతయ్య పంటు పోయింది. ఆ వంతెన మీదే ఆ అమ్మాయి నడుచుకుంటూ వెళ్తుంది. నేనైతే వెళ్ళను. ఈదుకుంటూ అయినా పోతా గానీ దాని మీద కాలు పెట్టను."

ఎంత బాగా చెప్పిందో చూడండి. నాకు ఆగలేదు. గుడ్డ పక్కన పెట్టి అన్నాను: "తాతయ్యని ముందే చంపేయడం ఆ పుస్తకంలో అన్నిటికన్నా గొప్ప విషయం."

నలుగురూ నావైపు తిరిగారు. కెజియా ముఖంలో 'అయిపోయింది' అని రాసి ఉంది.

"ముందే అంటే?" అంది ఒలీవియా.

"అదే, మొదట్లోనే. అప్పటినుంచీ ఆయన టీ పెట్టినా, తాడు లాగినా, ఈయన చనిపోయిన మనిషి కదా అని మనకి తెలుసు. అందుకే ఆ టీ అంత రుచిగా ఉంటుంది."

ఈథన్ తింటున్న సమోసా ప్లేటులో పెట్టేశాడు. తర్వాత హర్లీన్ నెమ్మదిగా అంది: "అంటే అంకుల్, పోతాడని మనకి మొదటినుంచీ తెలుస్తూనే ఉంటుంది, అందుకని ఆయన మొదటినుంచీ పోయినట్టే అంటారా?"

"అంతే కదమ్మా," అన్నాను. తను అన్నది నాకు సగమే అర్థమయింది.

"వావ్," అన్నాడు ఈథన్. ఏదీ నచ్చని ఈథన్. "నేనలా ఆలోచించలేదు. మూడు స్టార్లు చేస్తున్నా."

కెజియా నన్ను చూస్తోంది. కిందటేడు తర్వాత ఆ పిల్ల నన్ను అలా చూడటం అదే మొదలు. ఇంక నేను ఆగుతానా? కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

డేన్ గురించి చెప్పాను. తప్పు చెయ్యకముందే క్షమాపణ అడిగే మనిషి లోకంలో ఎక్కడుంటాడు, ఆ అబ్బాయి మనసు అంత గొప్పది అన్నాను. వాళ్ళు అయోమయంగా చూసుకున్నారు. అప్పుడు ఒలీవియా ఒక స్టిక్కర్ దగ్గర తెరిచి, గొడవకి ముందు డేన్ ఊరికే చేప తెచ్చిచ్చే చోటు ఒకటుందనీ, అది క్షమాపణేనని ఇప్పుడు తనకి అనిపిస్తోందనీ చెప్పింది. నాకు ఆ చేప సంగతి గుర్తు కూడా లేదు. తల ఊపాను.

వంతెన గురించి చెప్పాను. వంతెన కట్టేసి, రిబ్బన్ కత్తిరించేసి, ఆ తర్వాత ఊరివాళ్ళని కూర్చోబెట్టి వంతెన కావాలా వద్దా అని అడగటం ఎంత నిజమో అన్నాను. మా ఇంటి ముందు రోడ్డుకి అలాగే చేశారు, వేశాక తవ్వారు అన్నాను. ఈథన్ నవ్వాడు, జోకనుకున్నాడు. కెజియా మాత్రం నవ్వలేదు. కనుబొమలు కొంచెం దగ్గరికొచ్చాయి. అక్కడ ఆపి ఉంటే ఈ రోజు నేను కెల్లీవిల్‌లో పెద్ద విమర్శకుణ్ణి.

ఆపలేదు. "అన్నిటికన్నా ఆ ముగింపు," అన్నాను. శుక్రవారం సాయంత్రం అది విని, వ్యాన్ పక్కకి ఆపుకుని కూర్చున్నాను మరి. "టిల్లీ సూట్‌కేసు పట్టుకుని నది ఒడ్డున నిలబడుతుంది. తాతయ్య పంటు మీంచి దిగి, ఎవరమ్మా నువ్వు, నీ పేరేంటి అని అడుగుతాడు. అన్నీ అయిపోయాక, ఆయన ఆ పిల్లని మర్చిపోయి మళ్ళీ పేరు అడగటం. అంతటి ముగింపు నేను ఎక్కడా వినలేదు."

ఒలీవియా పుస్తకం తెరిచింది. వెనక నుంచి కాదు, ముందు నుంచి.

"అది మొదటి పేజీ," అంది.

పెరట్లో పుచ్చకాయ మీద ఈగలు వాలుతున్నాయి. నేను వాటిని తోలాను. అంతకంటే చేయాల్సిన పని ఆ క్షణంలో నాకు కనపడలేదు.

"అంకుల్," అంది హర్లీన్, చాలా మర్యాదగా, "మీరు చదివారా, విన్నారా?"

"విన్నాను. వ్యాన్‌లో."

ఈథన్ అప్పటికే లేచాడు. నలుగురూ వాకిట్లోకి నడిచారు, వెనకాల నేను తాళం తీసుకుని వెళ్ళాను. ఈథన్ ముందు సీట్లోకి ఎక్కి ప్లేయర్ వంక చూశాడు. ఆ చిన్న తెర మీద మూలన మూడు అక్షరాలు ఎర్రగా వెలుగుతున్నాయి. ఆర్, డి, ఎమ్.

"రాండమ్," అన్నాడు. "డిస్క్‌లో ముక్కల్ని ఎలా పడితే అలా కలిపి పాడిస్తుంది."

ఆ అక్షరాలు ఎంతో కాలంగా అక్కడ వెలుగుతూనే ఉన్నాయి. పాటలు వినే రోజుల్లో నేనే ఎప్పుడో నొక్కి ఉంటాను. అదేదో రేడియో స్టేషన్ పేరనుకుంటూ వచ్చాను. ఏ కోల్డ్ రూము తలుపు మీద ఏ లైటు వెలిగినా లోపల ఏ జబ్బో చెప్పి డబ్బు తీసుకునే మనిషిని నేను.

నవ్వారు. ఎగతాళిగా కాదు గానీ, ఆపుకోలేక నవ్వారు. ఒలీవియా వ్యాన్‌కి ఆనుకుని కింద కూర్చుండిపోయింది. "వంతెన కట్టాక మీటింగు," అని ఈథన్ అన్నప్పుడల్లా మళ్ళీ మొదలు. నేనూ నవ్వాను. నవ్వుతూ కెజియా కోసం చూస్తే కనపడలేదు. లోపలికి వెళ్ళిపోయింది.

నా నవ్వు అక్కడ ఆగిపోయింది. వెధవని నన్ను చూసి పిల్లలు నవ్వితే ఫర్వాలేదు. తన ఫ్రెండ్స్ ముందు తండ్రి ఇలా అయితే ఆ పిల్లకి ఎలా ఉంటుంది? ప్లీజ్ అని ముందే అడిగింది కదా. పిల్లల్ని వాళ్ళ అమ్మానాన్నలు వచ్చి తీసుకెళ్ళారు. వెళ్తూ వెళ్తూ హర్లీన్ "నాకు మీ వెర్షనే నచ్చింది అంకుల్" అంది. మంచి పిల్ల. గిన్నెలు కడుక్కుంటూ, కెజియా గది తలుపు తట్టాలా వద్దా అని చాలాసేపు తర్జనభర్జన పడ్డాను. తట్టలేదు.

ఈలోపు సునీత ఫోన్ చేసింది, జరిగిందంతా చెప్పేశాను. మర్నాడు మా ఇంట్లో ప్రార్థన కూడిక, హారిస్ పార్క్‌లో మనవాళ్ళ కొట్లో స్వీట్లు ఆర్డరిచ్చాం, కొట్టు మూసేలోపు తెచ్చేయమంది. తాళాలు తీసుకుని గుమ్మం దగ్గర "వెళ్ళొస్తా అమ్మలూ" అని కేకేశాను. వ్యాన్ స్టార్ట్ చేస్తుంటే పక్క తలుపు తెరుచుకుంది. కెజియా ఎక్కి సీటు బెల్టు పెట్టుకుంది.

విండ్సర్ రోడ్డు ఎక్కాం. ప్లేయర్ నేను కట్టేసే ఉంచాను.

"సారీ నాన్నా," అన్నాను. "మాట్లాడొద్దన్నావు, మాట్లాడాను."

తను కిటికీలోంచి బయటికి చూస్తోంది. "నువ్వు వారమంతా విన్నావా?" అంది.

"ఆ."

"ఏమీ అర్థం కాకుండానా?"

"కొంచెం కొంచెం అయింది."

"మరి ఆపెయ్యొచ్చు కదా డాడీ?"

"నువ్వు చదువుతున్నావు కదా అని," అన్నాను.

కెజియా కాళ్ళు రెండూ సీటు మీదికి మడుచుకుని నా వైపు తిరిగి కూర్చుంది. "ఓకే. లిజన్. ఫస్ట్, తను సూట్‌కేస్‌తో వస్తుంది. తాతయ్యకి తను ఎవరో నిజంగానే తెలీదు, ఎందుకంటే వాళ్ళ మమ్మీకీ ఆయనకీ మాటల్లేవు..." అని మొదలుపెట్టింది. సగం ఇంగ్లీషు, సగం తెలుగు. మధ్యలో "నో నో, అది తర్వాత" అని తనే సరిదిద్దుకుంటుంది. తాతయ్య గొంతుకి ఒక గొంతు, డేన్‌కి ఒకటి. పంటు ఎలా నడుస్తుందో తనకి సరిగ్గా తెలియకపోతే నన్నడిగింది. సఖినేటిపల్లి పంటు గురించి చెప్పాను. "నువ్వు నిజంగా ఎక్కావా? గేదెలతోనా? ఎందుకు చెప్పలేదు ఎప్పుడూ?" అంది. ఇన్నాళ్ళూ నువ్వు అడగలేదమ్మా అనబోయి ఊరుకున్నాను, కథ ఆగిపోతుందని.

పారమటా వచ్చేసింది. కథలో తాతయ్య ఇంకా దగ్గడం కూడా మొదలుపెట్టలేదు. హారిస్ పార్క్‌కి తిరగాల్సిన సందు ఎడమ చేతి వైపు కనపడింది. ఇండికేటర్ వెయ్యలేదు. నేరుగా వెళ్ళిపోయాను. చాలా దూరం వెళ్ళి వెనక్కి తిరిగి వస్తే, అప్పుడే వంతెన మీటింగు జరుగుతోంది, కట్టకముందు. మళ్ళీ ఆ సందు దాటేశాను.

స్వీట్ల కొట్టతను షట్టర్ సగం దించుకుని మాకోసం నిలబడి ఉన్నాడు.

ఇంటికొచ్చేసరికి సునీత డ్యూటీ నుంచి వచ్చి, వాకిట్లో నిలబడి ఉంది. మా అమ్మాయి దిగి లోపలికి వెళ్ళింది, ఇంకా ఏదో చెబుతూనే.

"ఇంతసేపేంటండీ? హారిస్ పార్క్ ఏమైనా కొత్త చోటా?" అంది సునీత.

"దారి తప్పాను," అన్నాను.

తను ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. నమ్మేసింది. ఆ రోజు నేను ఏ దారి తప్పానన్నా నమ్మేసేది.